ఉయ్యూరు ప్రాంతమున వర్తక సంఘములు – వాని చరిత్ర, వాని ధర్మము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వర్తకులను గూర్చిన వ్యాసమునకు తావెక్కడిదని కొందఱు చదువరులు శంకింపవచ్చును. ఆ శంక సహజమే. సరస్వతికిని లక్ష్మికిని పొసగదను మాట మనలో చిరకాలముగ వాడుకలో నున్నది. అయినను మన ప్రాంతపు చరిత్రను కొంచెము నిదానించి చూచినచో గ్రంథాలయ సంఘమును వర్తక సంఘమును ఒక్క యింట పెరిగిన అన్నదమ్ములవలె కనిపించును. రెండింటికిని చందాయే ఆధారము. రెండింటికిని సభ్యుల పట్టిక, జమాఖర్చుల పుస్తకము, ఏటేటి సర్వసభ్య సమావేశము ఉండవలసినవే. 1860వ సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము రెండు తెగల సంఘములకును నీడనిచ్చినది. ఒక్కడు సాధింపలేని పనిని పలువురు తలకొంత వేసికొని సాధించుటయే రెండింటి మూలసూత్రము.

మన గ్రంథాలయోద్యమమునకు పుట్టినిల్లు బెజవాడ. 1911లో అచ్చట రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో అచ్చటనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. శ్రీ అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి ఈ సంచిక చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కాలువలును రైలుదారులును కలియు వర్తక పట్టణముననే ఆ ఉద్యమము వేళ్లూనినదని గుర్తింపవలెను. జనము కూడుచోట సరకు మాఱును. సరకు మాఱుచోట మాటయు మాఱును. మాట మాఱుచోట పుస్తకమునకు గిరాకి పుట్టును.

వర్తక సంఘమునే నేడు మనము ‘ఛాంబర్ ఆఫ్ కామర్స్’ అని పిలుచుచున్నాము. అది తన సభ్యునికి ఏమి చేసినదన్నది మొదటి ప్రశ్న. సభ్యుడు కానివానికి ఏమి మిగిల్చినదన్నది రెండవ ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నయే సంఘమునకు గీటురాయి యని నా తలంపు. ఆ గీటురాయిపై మన కృష్ణాతీరపు చరిత్రను కొంత రాచి చూతము.

ప్రాచీన కాలము

వర్తకులు సమూహముగ నిలుచుట మనకు పాశ్చాత్యులు నేర్పిన విద్య కాదు. బెజవాడకు చెందిన ‘తెలికి వేవురు’ అను నూనె వర్తకుల సమూహము పేరు మన ప్రాంతపు శాసనములలో కానవచ్చును. 11వ శతాబ్ది చివరి నాటి టేకి తామ్రశాసనము తెలికి కుటుంబములవారికి గౌరవమర్యాదలను ప్రసాదించినది. రాజు గౌరవించినది ఒక ధనికుని గాదు, ఒక కూటమిని అన్నది గమనింపదగిన సంగతి.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఇంతకంటె ప్రసిద్ధము. అంతకుముందు తుపానుచే ఓడ దరికి కొట్టుకొని వచ్చినచో అందలి సరకును పాలకులే కైవసము చేసికొనెడివారు. గణపతిదేవుడు ఆ వాడుకను మాన్పించి, ముప్పదింట ఒకవంతు సుంకము మాత్రమే తీసికొని, తక్కిన సొత్తును వర్తకునికే విడువవలెనని ఆజ్ఞాపించెను. ఆ మాటను రాతిపై చెక్కించి రేవులో నిలిపెను. వర్తకుడు కోరునది దయ కాదు, నిలకడగల నియమము. సుంకమెంతయో ముందుగ తెలిసినవాడే ధైర్యముగ సరకు నెత్తగలడు. నేటి వర్తక సంఘములు ప్రభుత్వమునకు పంపు మహజరులలో సగము ఈ ఒక్క కోరికయే: పన్ను ఎంతయో స్పష్టముగ చెప్పుడు, చెప్పిన మాటపై నిలువుడు.

బందరు రేవు, డెల్టా కాలువలు

డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్టణమున వర్తకస్థానములను నెలకొల్పిరి. కలంకారీ అద్దకపు వస్త్రములు ఆ రేవునుండి దూరదేశములకు పోయెడివి. కాలక్రమమున ఆ వైభవము సన్నగిల్లినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 ప్రాణములను బలిగొని బందరును కోలుకోలేని దెబ్బ తీసినది.

రేవు క్షీణించుచున్న కాలముననే పల్లెల భాగ్యము పెరిగినది. సర్ ఆర్థర్ కాటన్ ప్రేరణమున, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణమున, 1852–55 సంవత్సరముల నడుమ బెజవాడ కడ కృష్ణపై ఆనకట్ట లేచినది. కాలువలు నీటిని మాత్రమే తేలేదు, పడవలను గూడ తెచ్చినవి. ధాన్యము, పసుపు, బెల్లము, కలప కాలువ దారిన నడచినవి. నూజివీడు సంస్థానమునుండి విడివడిన జమీందారీకి కేంద్రమై, పుల్లేరు గట్టున, బెజవాడ–బందరు రాజమార్గముపై నున్న ఉయ్యూరు క్రమముగ చుట్టుపట్ల పల్లెలకు అంగడియైనది.

1908లో బెజవాడనుండి బందరుకు రైలు వచ్చినప్పుడు ఆ దారి గుడివాడ మీదుగ పోయినది. ఉయ్యూరునకు రైలు లేకపోయినది. కావున ఈ ఊరి వర్తకమునకు రోడ్డే ప్రాణము. రోడ్డు గుంటలు పడినను, వంతెన కూలినను, కాలువ గట్టు తెగినను ముందు మూతపడునది అంగడియే. ఇట్టి ఊరిలో వర్తకులు కూడి మాటాడుట వేడుక కాదు, అవసరము.

నవీన రూపము

ఆధునికమైన వాణిజ్య మండలి ఫ్రాన్సు దేశపు మార్సెయి రేవు పట్టణమున 1599లో పుట్టినదని చెప్పుదురు. మన దక్షిణాదిని మద్రాసు ఛాంబరు 1836లో ఏర్పడినది. తెలుగుతీరమున కాకినాడ ఛాంబరు 1868లో వెలసినది. ఇవి ఆ కాలమున ఐరోపా వర్తకుల సంఘములు. మన సరకును కొని ఓడకెక్కించువారు వారు. మనవారు దళారులుగ, గుమాస్తాలుగ, చిల్లర వర్తకులుగ మెలగిరి. సంఘముగా నిలిచినవాని మాట గవర్నరు చెవిన పడును. ఒంటరివాని మాట తాలూకా కచేరి గడప దాటదు. ఈ సత్యము మనవారికి అనుభవముచే తెలిసినది.

అందుచే భారతీయ వర్తకులు తమ సంఘములను తామే కట్టుకొనిరి. 1887లో కలకత్తాలో బెంగాల్ నేషనల్ ఛాంబరు, 1907లో బొంబాయిలో ఇండియన్ మర్చంట్స్ ఛాంబరు, 1909లో మద్రాసున సదరన్ ఇండియా ఛాంబరు, 1927లో అఖిలభారత సమాఖ్యయైన ఫిక్కీ వరుసగ వెలసినవి. ఆ మరుసటి యేట, అనగా 1928లో, మద్రాసులో ఆంధ్రా ఛాంబర్ ఆఫ్ కామర్స్ స్థాపితమైనది. తెలుగువారి వర్తకమునకు తెలుగుపేరుతో ఒక వేదిక ఏర్పడుట నాటి ఆంధ్రోద్యమ వాతావరణమునకు తగియున్నది. 1919 నాటి సంస్కరణములలో కొన్ని వర్తక సంఘములకు మద్రాసు శాసనమండలిలో స్థానములు సైతము కేటాయింపబడినవి. ఆ కాలమున సంఘమునకు గల విలువ దీనిచే గ్రహింపవచ్చును.

వర్తకమునకు మాటతోపాటు మూలధనము కావలెను. పంటకాలమున రొక్కము లేనివాడు ధాన్యము కొనలేడు. వడ్డీ ఎక్కువైనచో లాభము వడ్డీలోనే హరించును. ఈ కొఱత తీర్చుటకు బందరు పెద్దలు ముందంజ వేసిరి. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు అచ్చట ప్రారంభమైనది. 1923 నవంబరులో డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. దాని అధికృత మూలధనము 10 లక్షల రూపాయలు; చెల్లించిన మూలధనము 1 లక్ష మాత్రమే. 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ వెలసినది. ఆ లక్షతో మొదలైన బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోవునాటికి దేశమంతట శాఖలుగలదై యుండెను. ఇవి వర్తక సంఘములు కావుగాని, కూడి పనిచేయు బుద్ధికి ఫలములు. ఊరివారి పొదుపు ఊరి వర్తకమునకు ఉపయోగపడవలెనను తలంపు వానికి పునాది.

ఉయ్యూరు చక్కెర కథ

ఇక మన ఉయ్యూరు సంగతి. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పించు చట్టము వచ్చినది. దాని వెంబడి దేశమున నాలుగు సహకార చక్కెర కర్మాగారములు తల యెత్తినవి. అందు మూడు తెలుగునాటివే: తుమ్మపాల, ఏటికొప్పాక, ఉయ్యూరు. నాలుగవది ఉత్తరాదిని బిస్వాను. సహకార చక్కెర ఉద్యమపు తొలిపుటలో మన ఊరి పేరుండుట గర్వింపదగిన విషయము.

ఆ ప్రయత్నము ఉయ్యూరున సహకార రూపమున నిలువలేదు. 1941లో ఐ.సి.యస్. పదవిని విడిచిన శ్రీ వెలగపూడి రామకృష్ణగారు ఆ కర్మాగారమును చేపట్టి కె.సి.పి. సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ పిమ్మట మద్రాసు వద్ద తిరువొత్తియూరున యంత్రనిర్మాణమునకు, మాచర్లలో సిమెంటునకు విస్తరించినది. రామకృష్ణగారి కుమారులు శ్రీ వి. యల్. దత్తుగారు ఉత్తరకాలమున ఫిక్కీకి అధ్యక్షులైరి. ఉయ్యూరు చెఱకుతో మొదలైన వృత్తాంతము అఖిలభారత వాణిజ్య సమాఖ్య పీఠము వఱకు సాగినదన్నమాట.

అయితే చరిత్రను పీఠములనుండి మాత్రమే చూడరాదు. చెఱకు బండి తోలినవానికి, కోత కూలీకి, కిరాణా కొట్టువానికి, బట్టల వర్తకునికి ఆ పొగగొట్టము ఏమైనదో చూడవలెను. గానుగాట కాలమున ఊరిలో రొక్కమాడెడిది. 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము తోలిన చెఱకునకు 14 దినములలో సొమ్ము చెల్లింపవలెను. ఆ సొమ్ము రైతు చేతికి అందినప్పుడే అంగడిలో పాతబాకీ తీరును, పిల్లకు పట్టుచీర వచ్చును, బడి రుసుము కట్టుబడును. కావున రైతు బాకీ వర్తకుని బాకీయే. రైతుకు రావలసిన సొమ్మును గూర్చి వర్తక సంఘము మాటాడినచో అది పరోపకారము కాదు, తన బ్రతుకును తాను కాపాడుకొనుటయే.

ఉయ్యూరు డిగ్రీ కళాశాల పేరును మనలో పెక్కుమంది పొడి అక్షరములతో పలుకుదురు. ఆ అక్షరములను విప్పినచో అడుసుమిల్లి గోపాలకృష్ణయ్యగారి పేరును, దాని ప్రక్కన ‘చెఱకు రైతులు’ అను మాటయు బయటపడును. ఒక దాత పేరు కళాశాలకుండుట లోకమున సామాన్యము. ఒక పంట పండించువారందఱి పేరు ఉండుట అరుదు. నేను చెప్పిన రెండవ ప్రశ్నకు ఇంతకంటె చక్కని సమాధానము మన ఊర మఱొకటి లేదు. చెఱకు తోలిన రైతు పోవచ్చును, చెఱకు తోటయు పోవచ్చును. ఎవరి బిడ్డయైనను చదువుకొనగల తరగతిగది నిలిచియున్నది.

సంఘము చేయదగిన పనులు

చిన్న పట్టణపు వర్తక సంఘము చేయు పనులలో మొదటిది తూనిక. మన తాతల నాడు 8 వీశెలు మణుగు, 20 మణుగులు బారువ. ధాన్యమునకు సోల, తవ్వ, మానిక, కుంచము. ఒక ఊరి కుంచము మఱొక ఊరి కుంచముతో సరిపోయెడిది కాదు. ఆ తేడాలోనే కొందఱి లాభము, పలువురి నష్టము దాగియుండెడివి. 1957 ఏప్రిలులో నయాపైసలు, 1958 అక్టోబరునుండి క్రమముగ కిలోగ్రాములు వచ్చినప్పుడు, సుమారు 1.4 కిలోగ్రాములైన వీశె ధరను కిలో ధరగ మార్చి చెప్పుట దేశమునందలి ప్రతి అంగడికిని పరీక్షయైనది. సరియైన త్రాసును అందఱు వర్తకులును ఒప్పుకొన్నచోట కొనువానికి నమ్మకము కలుగును. ఆ నమ్మకమే అంగడికి అసలు మూలధనము.

రెండవది పన్నుల పరిజ్ఞానము. 1939లో మద్రాసు అమ్మకపు పన్ను, 1957లో ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను, 2005 ఏప్రిలులో వ్యాటు, 2017 జూలై 1న జి.యస్.టి. వచ్చినవి. ప్రతి మార్పునందును పెద్ద వర్తకునికి ఆడిటరు కలడు. చిన్న కొట్టువానికి సంఘమే ఆడిటరు. సభ పెట్టి అధికారిని పిలిపించి, సందేహములు అడిగించి, తెలుగున ఒక కరపత్రము వేసినచో ఎందఱో జరిమానా బారినుండి తప్పుకొందురు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము నమోదైన చిన్న ఉత్పత్తిదారునికి సరకు తీసికొన్నవారు 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెను. ఈ హక్కు తెలియక నష్టపోవువారు మన పల్లెలలో నేటికిని కలరు.

మూడవది తగవుల పరిష్కారము. ఇరువురు వర్తకులు కోర్టుకెక్కినచో బాకీకంటె ఖర్చు పెరుగును. ఇరుపక్షములును వ్రాతమూలముగ సమ్మతించినచో 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టము పెద్దమనుష్యుల తీర్పునకు బలమిచ్చును. నాలుగవది స్థలము. విజయవాడలో మరమ్మతు షెడ్డుల యజమానులు ఆటోమొబైల్ టెక్నీషియన్ల సంఘముగ నిలిచి, 1960వ దశాబ్దమున ఊరి వెలుపల ఆటోనగరును సాధించుకొనిరి. వీధులపై చెల్లాచెదరుగ నున్న పనివారికి అది ఒక పట్టణమైనది. నేడు వేల కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. వన్‌టౌను ఇఱుకు వీధులలోని టోకు వర్తకులు గొల్లపూడి మార్కెటునకు తరలిన కథయు ఇట్టిదే.

అయిదవది ఆపద్ధర్మము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి పదివేలకు పైగ ప్రాణములను తీసినది. 2020లో కరోనా వచ్చినప్పుడు పెక్కు పట్టణములలో వర్తకులు తమంత తామే వేళలు కుదించుకొని అంగళ్లు మూసిరి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరు జలమయమైనది. ఇట్టి వేళల ప్రభుత్వము సాయము చేరులోపల బియ్యము, నూనె, కొవ్వొత్తి, దుప్పటి ఎవరి కొట్టులో ఎంత యున్నదో తెలిసినవారు వర్తకులే. ఆ తెలివిడి ముందే ఒక పట్టికగ సంఘమువద్ద నున్నచో ఒక పూట ముందుగ సాయమందును. ఆపదలో ఒక పూట చిన్నది కాదు.

లోపములు

మంచినే చెప్పి ఊరకుండుట చరిత్ర కాదు. కూడిన వర్తకులు ధరలు పెంచుటకు కూడినారన్న నింద ప్రపంచమంతట ఉన్నది. అది అంతయు అబద్ధము కాదు. కొత్తగ కొట్టు పెట్టువానిని అడ్డుకొనుటకు సంఘము పేరును వాడుకొన్న సందర్భములును కలవు. 2002 నాటి పోటీ చట్టము సంఘముగ కూడి ధర కట్టుటను నిషేధించినది. త్రాసును సరిచేయుటకు కూడుట ధర్మము. ధరను బిగించుటకు కూడుట నేరము. ఈ గీతను దాటిన సంఘము ఊరికి మేలు చేయలేదు సరిగదా, తన సభ్యునికి కూడ తుదకు కీడే చేయును.

రెండవ లోపము సభ్యత్వమునకు సంబంధించినది. మాఘమాసమున పదునైదు దినములు వీరమ్మతల్లి తిరునాళ్లు జరుగునప్పుడు ఉయ్యూరు వీధులలో గాజులు, బొమ్మలు, చెఱకు గడలు, మిఠాయిలు అమ్మువారిని చూడుడు. తట్టతో కూరలు తెచ్చు స్త్రీలను చూడుడు. వీరును వర్తకులే. వీరి పేర్లు మన వర్తక సంఘముల పట్టికలలో ఎన్ని కలవు? నీటి కుళాయి, మరుగుదొడ్డి, ఎండకు పందిరి—వీరికి కావలసినవి చిన్నవి. వానిని అడిగిపెట్టు నోరు లేకపోవుటయే పెద్ద లోటు. ఐరోపా ఛాంబరులలో తమకు చోటు లేదని నొచ్చుకొన్నవారి సంతతి నేడు తమ వాకిట తట్టబుట్టలవారిని నిలిపియుంచుట తగదు.

నేటి స్థితి

నేడు ఉయ్యూరు నగర పంచాయితీ. 2022 నుండి రెవెన్యూ డివిజను కేంద్రము. గౌరవము పెరిగినది. అంగడికి మాత్రము కొత్త చిక్కులు వచ్చినవి. రోడ్డు బాగుపడిన కొలది విజయవాడ దగ్గఱయైనది. పెండ్లిబట్టలకు ఊరివారు అచ్చటికే పోవుచున్నారు. చేతిఫోనులో వేలు మోపినచో సరకు గుమ్మముకడకు వచ్చుచున్నది. చెఱకు సాగు తగ్గినది. అప్పిచ్చి, పేరు పెట్టి పిలిచి, పురుటి కబురును చావు కబురును తెలిసికొను కొట్టువాడు క్రమముగ కనుమఱుగగుచున్నాడు. అతడు పోయినచో అంగడియొకటే పోదు. తిరునాళ్లకు, బడికి, గ్రంథాలయమునకు చందా వేయు చేయి పోవును. ఫోను కంపెనీ మన గ్రంథాలయమునకు చందా వేయదు.

కావున వర్తక సంఘమునకును గ్రంథాలయమునకును నేడు ఒప్పందము కుదురవలసిన కాలము వచ్చినదని మనవి చేయుచున్నాను. సంఘము తన సమాచార పత్రములను, పన్నుల వివరములను, ప్రభుత్వ రుణపథకముల నియమములను గ్రంథాలయమున తెలుగులో ఉంచవలెను. గ్రంథాలయము వారమునకు ఒక సాయంకాలము తన గదిని లెక్కలు నేర్చుకొను చిన్న వర్తకులకు, ఇంట సరకు తయారుచేసి అమ్ముకొను స్త్రీలకు విడువవలెను. పాత కొట్లలో అటకలపై చెదలు పట్టుచున్న చిట్టా ఆవర్జాలను తెచ్చి భద్రపఱుపవలెను. ఏ యేట బెల్లమేమి ధర పలికినదో, ఏ కఱవున ఎవరు ఎవరికి అప్పు మాన్పిరో ఆ కాగితములలో నున్నది. రాజుల చరిత్ర రాళ్లపై మిగిలినది. మన ఊరి చరిత్ర ఆ ఆవర్జాలలోనే మిగిలియున్నది. అవి పోయినచో మఱల వ్రాయుట ఎవరి తరమును కాదు.

మోటుపల్లి రాయి నేటికిని ఏడువందల సంవత్సరములకు పూర్వపు మాటను చెప్పుచున్నది. ఉయ్యూరు కళాశాల పేరు చెఱకు రైతుల మాటను చెప్పుచున్నది. నేటి వర్తకులు తమ తరువాతివారికి ఏ మాట మిగిల్చెదరో వారే నిర్ణయించుకొనవలెను. ఇరువదియైదేండ్లు చందాలతో, నిస్స్వార్థ సేవతో నిలిచిన ఈ గ్రంథాలయము వారికి దగ్గఱి దృష్టాంతము. ఈ సంస్థ స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.